గౌరి మగవాడని గంగ ప్రసవించాక తెలిసింది! డేగూ పిల్లల విషయంలో సలహా కావాలి

ప్రొద్దుటూరు పిల్ల (బెంగళూరు, బీటీఎం లేఅవుట్):

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా ఇంట్లో రెండు డేగూలున్నాయి. తెలియనివాళ్లకు చెప్తున్నా, ఇది చిలీ దేశపు జంతువు, గినీ పిగ్‌కి దూరపు చుట్టం. ఉడుత కన్నా కాస్త బొద్దుగా, తోక చివర నల్లటి కుచ్చుతో ఉంటుంది. ఎనిమిదేళ్ల మావాడి పోరు పడలేక జూలైలో తెచ్చాం. "రెండూ ఆడవే మేడం, గ్యారంటీ" అన్నాడు షాపతను. గంగ, గౌరి అని పేర్లు పెట్టుకున్నాం. నెల రోజులుగా గంగ లావెక్కుతుంటే ఓట్స్ ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను కూడా. ఇప్పుడది తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

నిన్న పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుందామని లేస్తే బోనులోంచి కీచుకీచుమని చప్పుడు. ఆరు పిల్లలు! ఒంటి నిండా వెంట్రుకలు, కళ్లు తెరిచే ఉన్నాయి, ఒక్కోటి నా బొటనవేలంత. గంగ అలసిపోయి గడ్డిలో ఒరిగి ఉంది. గౌరి మాత్రం పిల్లల మీద రెక్కలు కప్పిన కోడిపెట్టలా కూర్చుని ఉన్నాడు. అవును, ఉన్నాడు.

నెట్‌లో చూస్తే మగదాన్ని వెంటనే వేరు చేయాలంటున్నారు. గంగ నీళ్లకు లేచినప్పుడల్లా వాడే వెళ్లి గూట్లో కూర్చుంటున్నాడు, ఒక పిల్ల దొర్లి పక్కకు పోతే ముక్కుతో నెట్టి లోపలికి తెచ్చాడు. అలాంటివాణ్ణి తీసేయడానికి నాకు చేతులు రావట్లేదు. నిజంగా తీయాలా?

రెండో సమస్య మా అత్త. బాలింతను పస్తు పెడతారా అని నిన్నటి నుంచి నా వెంట పడుతోంది. నువ్వులు, బెల్లం దంచి ఉండ చుట్టి పెట్టింది. బోనులో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, అప్పటి నుంచి మాటల్లేవు. పైగా అటక మీద నుంచి మావాడి ఉగ్గుగిన్నె దింపి, గోరువెచ్చటి ఆవుపాలు పోసి సిద్ధంగా పెట్టుకుంది. ఎందుకంటే ఒక పిల్ల బాగా చిన్నది. వంటింటి త్రాసు మీద చూస్తే మిగతావన్నీ 13 నుంచి 15 గ్రాములుంటే అదొక్కటే 10. దానికి పాలు పట్టాలా?

రాత్రిళ్లు చలిగా ఉంది కదా అని దేవుడి దగ్గర వత్తులు చేసే దూది గూట్లో పరిచాను. అవి పొర్లే ఇసుక గిన్నె, పరుగెత్తే చక్రం బోనులోనే ఉన్నాయి. ఇంకేం చేయాలో చెప్పండి.

వేళచ్చేరి ఉడుత (చెన్నై):

అక్కా, ముందు లేచి గౌరిని వేరే బోనులో పెట్టండి. మిగతాది వచ్చాక చదవండి.

పెట్టారా? సరే. వాడు చెడ్డవాడని కాదు. డేగూ తండ్రులు పిల్లల్ని ప్రేమగానే చూస్తారు, మీరు చూసింది నిజమే. కానీ ప్రసవమైన ఒకటి రెండు రోజుల్లోనే ఆడది మళ్లీ ఎదకొస్తుంది. ఆరు పిల్లలకు పాలిస్తూ కడుపులో ఇంకో కాన్పు మోయాలంటే ఆ తల్లి ఒళ్లు గుల్లైపోతుంది. మొదటిసారి నేనూ "అయ్యో, తండ్రి కదా" అని మూడు రోజులు ఉంచాను. సరిగ్గా మూడు నెలలకు ఇంకో ఐదు పుట్టాయి. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మీ గౌరి ఒక రోజంతా లోపలే ఉన్నాడు కాబట్టి జరగాల్సింది జరిగిపోయి ఉండొచ్చు. చూలు దాదాపు 90 రోజులు. పిల్లలు పుట్టిన తేదీ నుంచి లెక్కేసి క్యాలెండర్‌లో రాసుకోండి. వాణ్ణి వేరే గదిలో పెట్టొద్దు, ఒంటరిగా ఉంటే దిగులు పడిపోతాడు. రెండు బోన్లూ పక్కపక్కనే పెట్టి, ఒకరినొకరు చూసుకునేలా, మధ్యలో నాలుగు వేళ్ల సందుంచండి. రోజుకోసారి ఇందులో గడ్డి గుప్పెడు అందులో, అందులోది ఇందులో వేయండి. వాసన మర్చిపోతే తర్వాత కలిపేటప్పుడు కొట్టుకుంటాయి.

దూది ఇప్పుడే తీసేయండి. పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుని బిగుసుకుంటాయి, రక్తం ఆడదు. దాని బదులు రంగు, సువాసన లేని టిష్యూ పేపరు చింపి వేయండి, గడ్డితో గూడు గంగే కట్టుకుంటుంది. ఇసుక గిన్నె రెండు వారాలు బయట పెట్టండి. చక్రం కూడా తీసేయండి, పిల్ల అందులో ఇరుక్కుంటే అంతే. పై అంతస్తుల పలకలుంటే అవీ దించండి. ఈ పిల్లలు పుట్టిన నాలుగు రోజులకే కొండలెక్కుతాయి, దిగడం మాత్రం రాదు.

చిన్నదాని గురించి. తల్లి దాన్ని తరిమేయకుండా కింద పెట్టుకుంటోందంటే పాలు ఇస్తున్నట్టే. రోజూ ఒకే వేళకు తూకం వేయండి. గ్రామో, అరగ్రామో పెరుగుతుంటే చెయ్యి పెట్టకండి. వరసగా రెండు రోజులు తగ్గితే మాత్రం ఆవుపాలు కాదు, పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి కలిపి, సూది లేని సిరంజితో ఒక్కో చుక్క పట్టాలి, అదీ డాక్టర్ను అడిగాక. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉగ్గుగిన్నె మళ్లీ అటక ఎక్కించేయండి.

మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న భయం మీ ఇంట్లో ఉందేమో. మీ చెయ్యి గంగకు అలవాటే కాబట్టి తూకం దాకా పర్వాలేదు. చుట్టాలందరికీ ఎత్తి చూపించడం మాత్రం వద్దు. తోక పట్టుకుని ఎవరూ ఎత్తకుండా మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. తోక తొడుగు ఊడినట్టు ఊడొస్తుంది, మళ్లీ రాదు.

పాడి లెక్క (యలహంక, సొంతూరు మదనపల్లె):

చెల్లెమ్మా, నేను డేగూలు పెంచలేదు. ఆవులు, కుందేళ్లు తెలుసు. పాలిచ్చే తల్లికి తిండి విషయంలో ఒక్క మాట.

మీ అత్తగారి ఆలోచనలో తప్పేం లేదు, బాలింతకు బలం కావాలి. కాకపోతే దీని బలం గడ్డిలో ఉంది. ఎండిన కొండల్లో గడ్డి, ఆకులు, గింజలు తిని బతికిన జాతికి తీపి అరగదు, షుగర్ జబ్బు వస్తుంది, కళ్లలో శుక్లాలు వస్తాయి. కాబట్టి బెల్లం, అరటిపండు, ఖర్జూరం ఏవీ వద్దు. పెద్దావిడకు "దీనికి పుట్టుకతోనే షుగర్" అని చెప్పి చూడండి. మా అమ్మకు ఏది వద్దన్నా వినదు గానీ షుగర్ అంటే చాలు, చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు పెట్టాల్సింది లూసర్న్ గడ్డి. పెట్ షాపుల్లో దీన్నే అల్ఫాల్ఫా అని చిన్న కవర్లో పెట్టి ప్రాణం పోయే ధరకు అమ్ముతారు. బెంగళూరు చుట్టుపక్కల పాడి పశువులున్నవాళ్లు చాలామంది దీన్ని పెంచుతారు, ఒక కట్ట అడిగితే ఇస్తారు. మందు ఎప్పుడు కొట్టారో తప్పకుండా అడగండి. తెచ్చిన పచ్చిది పచ్చిగానే వేయొద్దు, కడుపు ఉబ్బుతుంది. నీడలో పల్చగా పరిచి, కాడ విరిస్తే చిటుక్కుమనేదాకా ఎండనివ్వండి. ఎండలో వేస్తే ఆకంతా రాలిపోయి కట్టెలు మిగులుతాయి. అసలు సత్తువ ఆకులోనే. మామూలు ఎండుగడ్డి ఎప్పటిలాగే రోజంతా ఉండాలి, ఇది దాని పైన రోజుకో గుప్పెడు. పిల్లలు పాలు మానాక ఆపేయండి, అందులో కాల్షియం ఎక్కువ, మామూలు రోజుల్లో అంత అక్కర్లేదు.

మీరు తగ్గించిన ఓట్స్ కూడా ఒక చెంచా తిరిగి పెట్టండి పాపం.

రాత్రి షిఫ్టు (బెంగళూరు):

షాపతను మోసం చేశాడని నేననుకోను, చూడ్డం రాకపోయి ఉంటుంది. డేగూల్లో ఆడదానికీ మగదానికీ కూడా కింద కోన్ లాంటి మొన ఉంటుంది, మగదానికి వృషణాలు బయటికి కనబడవు. చూడాల్సింది ఆ మొనకూ మలద్వారానికీ మధ్య దూరం. ఆడదానికి రెండూ దాదాపు అంటుకునే ఉంటాయి, మగదానికి స్పష్టంగా సందుంటుంది. ఆరింటినీ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి, తేడా తెలిసిపోతుంది.

ఇది ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, ఐదారు వారాలకు పాలు మానతాయి, ఆ వెంటనే మగపిల్లల్ని తీసి గౌరి దగ్గరకు చేర్చాలి. ఆలస్యమైతే తల్లితోనూ చెల్లెళ్లతోనూ మళ్లీ కథ మొదలవుతుంది. వాడికీ తోడు దొరుకుతుంది. మొదట బోనుకి బోను ఆనించి అలవాటు చేయండి.

ప్రొద్దుటూరు పిల్ల:

ఐదో రోజు. అందరికీ థాంక్స్. మొన్ననే గౌరిని వేరు చేశాను. మొదటి రాత్రి కమ్మీలు కొరుకుతూనే ఉన్నాడు, నేనూ పడుకోలేదు. ఇప్పుడు తన బోనులో గంగ వైపు మూలకే గడ్డి లాక్కుని అక్కడే పడుకుంటున్నాడు.

నిన్న గుండె ఆగినంత పనైంది. తూకం వేద్దామని చూస్తే ఐదే ఉన్నాయి. బోను కమ్మీల మధ్య సందు పెద్దవాటికి సరిపోతుంది గానీ పిల్లలకు గుమ్మం లాంటిదని నాకు తట్టలేదు. మంచం కింద, వాషింగ్ మెషీన్ వెనక, చెప్పుల స్టాండు, అన్నీ చూశాం. మావాడు ఏడుపు. అత్తే అంది, "అందరూ ఊరకుండండి, దాని అమ్మను పిలవనీయండి" అని. ఫ్యాను ఆపి, టీవీ ఆపి కూర్చున్నాం. గంగ గొంతులో ఏదో కువకువమంటోంది, ఇన్నాళ్లూ వినని చప్పుడు. కాసేపటికి వంటింట్లో బియ్యం బస్తా వెనక నుంచి సన్నగా జవాబొచ్చింది. బూజు పట్టుకుని వణుకుతూ ఉంది, ఆ 10 గ్రాములదే. అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి గూట్లో వదిలితే గంగ దాన్ని వెల్లకిలా తిప్పి తల నుంచి తోక దాకా నాకింది. సాయంత్రానికి హార్డ్‌వేర్ షాపు నుంచి స్టీలు దోమల జాలీ తెచ్చి, బోను చుట్టూ అడుగెత్తు వైర్లతో కట్టేశాను. ఇలాంటి బోను ఉన్నవాళ్లు ముందే కట్టుకోండి.

యలహంక అన్నా, షుగర్ మాట పనిచేసింది. బెల్లం ఉండలు మావాడు తినేశాడు. లూసర్న్ బాల్కనీలో ఆరుతోంది, అత్త రోజుకు నాలుగుసార్లు తిరగేస్తోంది. పొద్దునే తూకం లెక్క రాసేదీ ఆవిడే, పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లో. ఈ రోజు 19, 18, 20, 19, 17, చిన్నది 13. తొంభై రోజుల లెక్క పడే మార్చి 10 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా కూడా చుట్టి పెట్టింది.