సమస్యాపూరణం: ఓడిన యతడె గెల్పున కొజ్జ యయ్యె

మిత్రులకు నమస్కారం. ఈసారి తేటగీతి పాదం:

ఓడిన యతడె గెల్పున కొజ్జ యయ్యె

పూరణ హంగరీ ఫుట్‌బాల్ డిఫెండర్ గ్యూలా లోరాంట్ మీద ఉండాలి. 1954 జూలై 4, బెర్న్‌లో ప్రపంచ కప్ ఫైనల్. ఎనిమిదో నిమిషానికే హంగరీకి రెండు గోల్స్. చివరికి 3–2తో పశ్చిమ జర్మనీ గెలిచింది. ఆనాడు హంగరీ రక్షణకు నడుమ నిలిచింది ఈయనే. తర్వాత ఆ జర్మనీలోనే కోచ్ అయ్యాడు. 1965లో చేరిన కైజర్‌స్లౌటర్న్, తనను ఓడించిన జట్టులోని ఐదుగురి సొంత క్లబ్! ఈ పాదం నాకు అక్కడే తట్టింది.

మొదటి పూరణ

జగము మెచ్చిన మగ్యారు సైనికుండు
జర్మనీ చేత నోడియు జంకు లేక
మ్యూనికున కప్పు దెచ్చెను ముదముతోడ
నోడిన యతడె గెల్పున కొజ్జ యయ్యె

— యతులన్నీ కుదిరాయండీ. "మగ్యారు" అంటే హంగరీవాడు, "సైనికుండు" మరీ నచ్చింది, ఆయన ఆడిన హోన్వెద్ సైన్యం జట్టే కదా. మూడో పాదమే నిలవదు. 1977 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్, మ్యూనిక్ క్లబ్ బయెర్న్ తమ కోచ్‌లను మార్చుకున్నాయి. బయెర్న్ కోచ్ క్రామర్ ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తే లోరాంట్ మ్యూనిక్ వచ్చాడు. ఆ సీజన్లో బయెర్న్‌కు దక్కింది 12వ స్థానం. కప్పు రాలేదు.

రెండో పూరణ

బెర్ను పోరున జర్మన్ల పేరు నిలువ
కోట గోడగ నిలిచియు గూలె నకట
పిదప పావోకు జట్టుకు బిరుదు దెచ్చి
యోడిన యతడె గెల్పున కొజ్జ యయ్యె

— అసలు గెలుపును మీరు పట్టుకున్నారు. థెస్సలొనీకీలోని పావోక్‌కు మొట్టమొదటి గ్రీకు లీగ్ టైటిల్ 1976లో ఈయన చేతిమీదుగానే వచ్చింది. కానీ బెర్న్ దగ్గర "గూలె" అంటే నాకు మనసొప్పడం లేదు. ఆయన కూలింది 1981 మే 31న. పావోక్ సొంత మైదానంలో ఒలింపియాకోస్‌తో ఆట జరుగుతుండగా, కోచ్ బెంచీ మీదే గుండె ఆగిపోయింది. 58 ఏళ్లు. మీ పద్యం చదువుతుంటే ఆ బెంచీయే కళ్ల ముందు మెదిలింది. ఇక్కడ "గుందె నకట" అంటే యతీ చెడదు, ఆ మాట ఆయన చివరి రోజుకు మిగులుతుంది.

— మొదటి పూరణ నాదేనండీ. పొరపాటు ఒప్పుకుంటున్నాను. మూడో పాదం మార్చాను, చూడండి:

మొదటి లీగును పావోకు మురియ నిచ్చి