అప్‌డేట్: మా కుక్కకి ఫస్ట్ ఎయిడ్ బాక్స్

మా లాబ్రడార్ కోసం ఫస్ట్ ఎయిడ్ బాక్స్‌లో ఏమేం పెట్టుకోవాలని పోయిన నెల అడిగాను కదా, నిన్న రాత్రే అది తెరవాల్సి వచ్చింది. మేడ మీద పగిలిన సీసా పెంకు తొక్కి పాదం కోసుకుంది, మెట్ల నిండా ఎర్రటి అడుగులే. కట్టు కడదామని దగ్గరికెళ్తే, ఎప్పుడూ గుర్రుమనని కుక్క నా మీదికే పళ్లు చూపించింది, మీలో ఒకరు చెప్పిన చున్నీ చిట్కా అప్పుడు గుర్తొచ్చి మూతికి చుట్టి చెవుల వెనక ముడేశాం. సెలైన్‌తో కడిగి, గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు తీసి చూడకుండా నొక్కి పట్టుకున్నా (అదే కష్టం, నిమిషానికోసారి చూడాలనిపిస్తుంది). రక్తం ఆగింది. నొప్పికి మన పారాసిటమాల్ వేద్దామన్న మా ఆయన్ని ఆపాను, అది కుక్కలకి ప్రమాదం. డాక్టర్ మూడు కుట్లు వేశారు. బాక్స్‌లో లేనిది థర్మామీటరే, కుక్క ఒంటి వేడి మామూలుగా 39.2 డిగ్రీల సెల్సియస్ లోపే ఉండాలట. ఇవాళ కొంటున్నా.