అణువు చిన్నదా, పరమాణువు చిన్నదా?

విజయనగరం ట్యూషన్ మాస్టారు:
ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు మోల్ లెక్కలు, అంటే తూకాన్ని బట్టి కణాలెన్నో తేల్చే లెక్కలు చెప్తున్నాను. 9 గ్రాముల నీటిలో ఎన్ని పరమాణువులు ఉంటాయని అడిగితే లెక్క బాగానే మొదలుపెడతారు. ఒక మోల్ నీరు 18 గ్రాములు కాబట్టి 9ని 18తో భాగిస్తే అర మోల్, దాన్ని ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్యతో, అంటే అవగాడ్రో సంఖ్యతో (6.022×10²³) గుణిస్తే 3.011×10²³. అక్కడితో పెన్ను మూసేస్తారు. కానీ అవి అణువులు. ఒక్కో నీటి అణువులో రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, మొత్తం మూడు పరమాణువులు కాబట్టి జవాబు 9.033×10²³. మూడుతో గుణించడం రాక కాదు, మాట దగ్గరే తికమక. "అణువు కంటే చిన్నది ఇంకేముంటుంది సార్, అణుబాంబు అంటారు కదా" అందొక అమ్మాయి. ఈ రెండు మాటలకీ ఈ వరస ఎలా వచ్చిందో ఎవరైనా చెప్తారా?

శ్రీకాకుళం, రిటైరైన సంస్కృతం పండితులు:
ఆ అమ్మాయి సందేహం న్యాయమైనదే బాబూ. అణు అంటేనే చాలా చిన్నది. అణువంత, అణువణువునా అని మనం అనేది ఆ అర్థంలోనే. దానికి ముందు 'పరమ' చేరింది. పరమేశ్వరుడు, పరమాన్నం విన్న చెవికి పరమ అంటే గొప్ప, కాబట్టి పరమాణువు పెద్ద అణువేమో అనిపిస్తుంది. ఇక్కడ పరమ అంటే అంతకు మించి లేదని, చిన్నదనంలో ఆఖరిదని. వైశేషికమనే ప్రాచీన భారతీయ దర్శనంలో ఇక విడగొట్టడానికి వీల్లేనిది పరమాణువు. రెండు కలిస్తే ద్వ్యణుకం. మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం, కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు అదేనన్నారు. తెలుగులో రసాయన శాస్త్రం రాసినవాళ్లు పరమాణువును అలాగే ఉంచి, అవి జతకూడితే వచ్చేదాన్ని అణువు అన్నారు. పేపర్లకేమో పొట్టి మాట ముద్దు. అందుకే అణుబాంబు, అణుశక్తి. మన రణస్థలం మండలం కొవ్వాడలో ప్రతిపాదించినదీ అణు విద్యుత్ కేంద్రమే. అలాంటి చోట చీల్చేది యురేనియం పరమాణువు లోపలి కేంద్రకాన్ని. మీ పాఠంలో ఉన్న అణువుతో దానికి పనే లేదు.

పలాస సభ్యుడు:
సంస్కృతం నాకు రాదు గానీ, జీడిపప్పు వ్యాపారంలో ఇది మాకు రోజూ ఉన్నదే. 320 గ్రేడ్ అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు. డబ్బా అంతా లెక్కపెట్టక్కర్లేదు, తూకం చూసి ఎన్నుంటాయో చెప్పొచ్చు. మోల్ చేసే పనీ అదే. అయితే గుండు విడిపోయి రెండు బద్దలైతే తూకం మారదు, సంఖ్య మాత్రం రెట్టింపవుతుంది. 32 గ్రాముల ఆక్సిజన్ వాయువూ అంతే. అణువులైతే ఒక మోల్, పరమాణువులైతే రెండు మోల్‌లు. ఎన్ని అని అడిగేవాడు గుండ్లా, బద్దలా చెప్పాలి కదండీ!

బొబ్బిలి కెమిస్ట్రీ లెక్చరర్:
ప్రశ్నపత్రాల్లో పేచీ వచ్చేదీ అక్కడే. "ఒక మోల్ ఆక్సిజన్ ద్రవ్యరాశి ఎంత" అని ఊరుకుంటే 16 గ్రాములు అన్నవాడినీ తప్పుపట్టలేం, 32 అన్నవాడినీ తప్పుపట్టలేం. 1971లో 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలు ఒక మోల్ అని నిర్వచించినప్పుడే, ఏ కణమో పేరు చెప్పి తీరాలన్నారు. 2019 మే 20 నుంచి ఆ కార్బన్ ఆధారం పోయి, 6.02214076×10²³ అని కచ్చితమైన అంకె వచ్చింది. కణం పేరు చెప్పాల్సిన అవసరం మాత్రం అలాగే ఉంది.

ఉప్పుతో ఇంకో చిక్కు. నౌపడ మడుల్లో పండే ఉప్పు సోడియం క్లోరైడే కదా, ఆ స్ఫటికంలో అణువులే ఉండవు, అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం, క్లోరైడ్ కణాలు వరసకట్టి ఉంటాయి. అయినా దాని 58.5 గ్రాములను పాత పద్ధతిలో గ్రామ్ అణుభారం అనేవాళ్లం. మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ద్రవ్యరాశి అంటే ఆ గొడవ లేదు. నా ఓటు దానికే.

విజయనగరం ట్యూషన్ మాస్టారు:
బాగుందండీ. ఇకనుంచి 4 గ్రాముల ఆక్సిజన్ వాయువు ఇచ్చి, అణువులెన్ని, పరమాణువులెన్ని అని రెండూ ఒకేసారి అడుగుతాను. ఉప్పుకి మాత్రం ఏమనమంటారు? ఫార్ములా యూనిట్ అనెయ్యనా?

బొబ్బిలి కెమిస్ట్రీ లెక్చరర్:
అదే అనండి, ఒక సోడియం అయాను, ఒక క్లోరైడ్ అయాను కలిపి ఒక ఫార్ములా యూనిట్, పిల్లలకి ఆ మాటతో ఇబ్బంది లేదు. 117 గ్రాముల ఉప్పు ఇచ్చి సోడియం అయాన్లు ఎన్ని మోల్‌లో అడగండి, రెండని టక్కున చెప్తారు. వెంటనే మొత్తం అయాన్లు ఎన్ని మోల్‌లో అడగండి. నాలుగు రావాలి.