బయటి గోడ మీద ప్యానెల్ బాక్సులోకి సర్వీస్ పైపు ఎటు నుంచి రావాలి?

ప్రశ్న (కొత్త ఇల్లు, ఖమ్మం)
అన్నలూ, మా త్రీఫేజ్ మీటరు కాంపౌండ్ గోడకి ఉంది. అక్కడి నుంచి ఇంటి బయటి గోడకి బిగించిన ఇనుప ప్యానెల్ బాక్సు 12 మీటర్లు. మధ్యలో కారు నిలిపే జాగా కాబట్టి భూమిలోంచే రావాలి. లోడు 10 కిలోవాట్లు. 32 ఎం.ఎం. పీవీసీ పైపులో నాలుగు విడి వైర్లు లాగి, గోడ మీదకి ఎక్కించి, బాక్సు పైన రంధ్రం కొట్టి దించుతానంటున్నాడు ఎలక్ట్రీషియన్. చుట్టూ సిలికాన్ పూస్తే చుక్క నీరు రాదట. బాక్సు మీద ఐపీ 55 (దుమ్ము, నీళ్లు ఎంత ఆపగలదో చెప్పే అంకె) అని ఉంది. ఒప్పుకోవచ్చా?

ప్యానెల్ పని
ఒప్పుకోవద్దండి. ఐపీ 55 అనేది ఫ్యాక్టరీలో మూసిన బాక్సుకి ఇచ్చిన మాట. మీరు పైన రంధ్రం కొట్టి సరైన గ్లాండ్ (రంధ్రంలో కేబుల్‌ని బిగించి పట్టే మరబిళ్ల) పెట్టకపోతే ఆ అంకెకి విలువ లేదు. సిలికాన్ మీద భరోసా వద్దు. 3 మీటర్ల పీవీసీ పైపు 40 డిగ్రీల తేడాకి సుమారు 7 ఎం.ఎం. సాగుతుంది. ఎండలో సాగి, రాత్రికి ముడుచుకుంటూ ఉంటే ఆ పూత అంచు దగ్గర ఊడుతుంది. కారిన నీళ్లు నేరుగా ఎంసీబీల (తేడా వస్తే కరెంటు ఆపే స్విచ్‌లు) మీదే పడతాయి.

ఎంట్రీ అడుగు నుంచే ఉండాలి. అడుగున కుదరకపోతే పక్క గోడకి, లోపలున్న కరెంటు భాగాలకన్నా కింద. అప్పుడు కేబుల్‌ను బాక్సుకన్నా కిందికి ఒక వంపు దించి పైకి తీసుకురండి, నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

లైసెన్స్డ్ వైర్‌మన్
పైవారు చెప్పింది సరే. కానీ అసలు తప్పు విడి వైర్లలో ఉంది. భూమిలోని పైపులో ఎంత బాగా అతికించినా తేమ చేరుతుంది, ఇంట్లో వాడే మామూలు వైరు ఆ తడిలో ఎక్కువ కాలం నిలవదు. నాలుగు కోర్ల 10 చదరపు ఎం.ఎం. అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ (చుట్టూ ఇనుప తీగల కవచం ఉండేది) తీసుకోండి. 10 కిలోవాట్లకి ఫేజుకి 15 ఆంపియర్లే, సరిపోతుంది. 750 ఎం.ఎం. లోతు, కింద 75 ఎం.ఎం. ఇసుక, పైన మళ్లీ ఇసుక, దాని మీద ఇటుకలు. కారు తిరిగే చోట 50 ఎం.ఎం. జీఐ (జింక్ పూత ఇనుప) పైపులోంచి దాటించండి.

కేబుల్ ఆర్మర్డ్ అయితే పైపు బాక్సులోకి వెళ్లనక్కర్లేదు. నేల నుంచి ఎక్కేచోట దెబ్బ తగలకుండా కాపాడడమే దాని పని. బాక్సుకి 150 ఎం.ఎం. కింద ఆపేసి, కేబుల్ ఒక్కటే డబుల్ కంప్రెషన్ గ్లాండ్‌తో (రెండు చోట్ల బిగిసేది) అడుగు ప్లేటులోకి వెళ్లాలి. గ్లాండ్ సైజు అంచనాతో కొనకండి, కేబుల్ బయటి వ్యాసం కొలిచి గ్లాండ్ చార్టు చూడండి. వంపు వ్యాసార్థం కేబుల్ వ్యాసానికి 12 రెట్లకన్నా తగ్గకూడదు. 20 ఎం.ఎం. కేబుల్‌కి అది 240 ఎం.ఎం. అందుకే బాక్సు కింద జాగా ముందే చూసుకోవాలి.

ఇంకొకటి, ఒకవేళ విడి వైర్లే లాగినా, ఒక్కో వైరుకి ఇనుప ప్లేటులో ఒక్కో రంధ్రం చేయనివ్వకండి. ఆ రంధ్రాల చుట్టూ ప్లేటే వేడెక్కుతుంది. మూడు ఫేజులూ న్యూట్రలూ కలిసి ఒకే రంధ్రంలోంచి రావాలి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు గారూ. పైపు నోటిని ఎం-సీల్‌తో మూసేస్తే సరిపోతుందా? బల్లులు దూరతాయని భయం.

ప్యానెల్ పని
భయం సరైనదే. బల్లి రెండు ఫేజుల మధ్య పడితే షార్టే. కానీ ఎం-సీల్ గట్టిపడిపోతుంది, రేపు కేబుల్ మార్చాలంటే పైపు పగలగొట్టాలి. మెత్తగా ఉండే డక్ట్ సీలింగ్ పుట్టీ నొక్కండి, రెండు చివరలా. రాత్రుళ్లు భూమి లోపల వెచ్చగా, బాక్సు చల్లగా ఉంటుంది. పైపు బాక్సులోకే వెళ్లి, నోరు తెరిచి ఉంటే భూమిలోని తేమ గాలి పైకి వచ్చి బాక్సులో చెమరుస్తుంది, వాన లేని రోజుల్లో కూడా టెర్మినల్స్‌కి పచ్చగా చిలుము పట్టడానికి కారణం అదే.

రంధ్రం కొట్టాక అంచుల గరుకు గీకి, జింక్ పెయింటు వేయండి. వాడని రంధ్రాలన్నిటికీ ప్లగ్గులు పెట్టండి.

లైసెన్స్డ్ వైర్‌మన్
ఆర్మర్ తీగలు గ్లాండ్ కోన్ (గ్లాండ్‌లో ఆ తీగల్ని నొక్కి పట్టే భాగం) కింద సరిగ్గా పట్టాలి, ఎర్త్ ట్యాగ్ (ఎర్త్ వైరు బిగించే రేకు) పెట్టి బాక్సు ఎర్త్‌కి కలపాలి. ఆర్మర్ ఒక్కదాని మీదే ఆధారపడకండి, విడిగా 8 గేజి జీఐ వైరు కూడా వేయండి. అల్యూమినియం కోర్‌ని రాగి టెర్మినల్‌కి నేరుగా బిగించకండి. బైమెటాలిక్ లగ్ (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉన్న కొస) నొక్కి బిగించాలి, లేదంటే కొన్నాళ్లకి అక్కడ తుప్పు పట్టి, బిగువు తగ్గి కాలిపోతుంది.

మీటరు తర్వాత, కేబుల్ మొదలయ్యేచోటే 32 ఆంపియర్ల ఫోర్ పోల్ (మూడు ఫేజులూ న్యూట్రలూ కలిపి ఆపే) ఎంసీబీ పెట్టించండి. ఇంటి దగ్గర మాత్రమే పెడితే ఆ 12 మీటర్లకి మీ వైపు రక్షణ ఉండదు. మీటరు సీలు మాత్రం మీరు ముట్టుకోవద్దు. మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో చెప్పి, లైన్‌మన్ వచ్చి సప్లై ఆపాకే ఆ చివర కనెక్షన్ ఇవ్వాలి.