ఉబుంటు బూట్ కావట్లా, ఎఫ్ఎస్‌సీకే -వై కొట్టేయమంటారా?

బ్రాడీపేట డీటీపీ:
అన్నలూ అర్జెంటు. గుంటూరు బ్రాడీపేటలో చిన్న డీటీపీ సెంటర్ నాది, నిన్న పనిలో ఉండగా కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ మారుద్దాం మారుద్దాం అనుకుంటూనే ఉన్నా, ఇప్పుడు ఆన్ చేస్తే బూట్ మధ్యలోనే ఆగి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని నల్ల స్క్రీన్ వచ్చి ఎస్‌డీఏ2కి (ఉబుంటు లినక్స్ ఉన్న పార్టిషన్) మాన్యువల్‌గా ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) చెయ్యాలంటంది. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4, పాత 500 జీబీ హార్డ్‌డిస్క్. శుభలేఖల ఫైళ్లన్నీ అందులోనే. బ్యాకప్ ఉందా అని మాత్రం అడగొద్దు.

పటమట కుర్రోడు:
ఏం కాదు బ్రో, అక్కడే ఎఫ్ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2 కొట్టు, రీబూట్ చెయ్. నాకు రెండుసార్లు ఇట్టాగే వస్తే టీ తాగొచ్చేలోపు అయిపోయింది.

వన్‌టౌన్ అడ్మిన్:
తమ్ముడూ ఆగు. కరెంటు పోయినందుకే అయితే అది చాలు, కానీ డిస్కే పోతా ఉంటే -వై అంటే అడిగినదానికల్లా ఊఁ కొట్టడమే, తెగిపోయిన ఫైళ్లని లాస్ట్‌+ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పేర్లు లేకుండా ఐనోడ్ నంబర్లతో (ఫైల్ సిస్టమ్ ఫైలుకిచ్చే లోపలి నంబరు) పడేస్తది, ఎవరి శుభలేఖ ఏదో నువ్వు కూర్చుని వెతుక్కోవాలి. లైవ్ యూఎస్‌బీతో బూట్ చెయ్, ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి పార్టిషన్ పేరు చూసుకో, అక్కడ మారొచ్చు. మౌంట్ అయ్యుంటే తీసెయ్, మౌంట్‌లో ఉన్నదాని మీద రిపేర్ నడిపితే ఉన్నది కూడా పోద్ది. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ -ఏ కొట్టి, అందులో 5వ నంబరు (పాడై మార్చేసిన సెక్టర్లు), 197వ నంబరు (చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టర్లు) లైన్ల చివర ఉన్న సంఖ్య చూడు. 197 సున్నా అయితే ఈ2ఎఫ్ఎస్‌సీకే (ఎక్స్‌టీ4కి వాడే ఎఫ్ఎస్‌సీకే) -ఎఫ్ -ఎన్, అది డిస్క్ మీద ఏమీ రాయదు, తప్పులు చూపిస్తదంతే. సున్నా కాకపోతే ముందు డీడీరెస్క్యూతో (చెడిన డిస్క్ నుంచి చదవగలిగినంతా కాపీ చేసే టూల్) వేరే డిస్క్‌కి కాపీ తీసి, రిపేర్ ఆ కాపీ మీద. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, ముందు జీ ఉంటది.

మంగళగిరి:
సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే బ్లాక్) బ్యాడ్ మ్యాజిక్ నంబర్ అని ఎర్రర్ వస్తే ఈ2ఎఫ్ఎస్‌సీకే -బీ 32768, బ్లాక్ సైజు 4కే అయితే బ్యాకప్ అక్కడుంటది. ఆ బ్యాకప్ ఎక్కడుందో చూడ్డానికి నెట్‌లో ఎమ్‌కేఈ2ఎఫ్ఎస్ -ఎన్ అని చెప్తారు, ఆ ఎన్ మర్చిపోతే ఫార్మాటే, నిద్రమత్తులో దాని జోలికి పోకండి. ఎక్స్‌టీ4 కాకుండా ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే వాళ్లకి ఎఫ్ఎస్‌సీకే ఏమీ చెయ్యదు, ఎక్స్ఎఫ్ఎస్_రిపేర్ వాడాలి.

బ్రాడీపేట డీటీపీ:
197లో 24 ఉందన్నా! బావమరిది దగ్గర 1 టీబీ డిస్క్ తెచ్చి డీడీరెస్క్యూ పెట్టా, రాత్రంతా నడిచింది, చదవలేక వదిలేసింది కొన్ని కేబీలే. కాపీ మీద -వై కొడితే లాస్ట్‌+ఫౌండ్‌లో పదకొండు పడ్డాయి. ఒకటి తెరిస్తే తెనాలి వాళ్ల శుభలేఖ, నిన్న ప్రూఫ్ కోసం మూడుసార్లు ఫోన్ చేసింది వాళ్లే. మిగతా పదీ చూస్తన్నా.