‘మానభంగం’లో పోయేది ఎవరి మానం?

అనువాదంలో ‘మానభంగం’ అని రాశాను. మా అమ్మాయి కొట్టేసి ‘అత్యాచారం’ అని పెట్టింది. "చేసింది వాడైతే పోయింది ఆవిడ మానమా నాన్నా?" అంది. మొదటి నుంచీ ఈ మాటకు ఇదే అర్థమా? తెలిసినవాళ్లు చెప్పండి.

> కాదండీ. పోతన భాగవతంలో శుక్రుడు బలికి చెప్పే పద్యం గుర్తుందిగా: ‘వారిజాక్షులందు వైవాహికములందు బ్రాణవిత్తమానభంగమందు’... అక్కడ మానం అంటే పరువు, ఎవరిదైనా సరే. వింటున్నది రాజు. ప్రాణం, డబ్బు, పరువు పోయేచోట బొంకవచ్చంటాడు గురువు. (ఆడవాళ్ల విషయంలోనూ బొంకవచ్చట, అది ఇంకో చర్చ!) తర్వాతెప్పుడో ఆ మాట ఆడదాని ఒంటికి అతుక్కుపోయింది. ‘అత్యాచారం’ నయం, ఆచారం మీరినవాడి వైపు వేలు చూపిస్తుంది.

> చట్టంలోనూ ఇదే తంటా. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 354, 509 సెక్షన్లలో ఉన్న ‘మోడెస్టీ’ (ఆడవాళ్ల ‘మర్యాద’) అన్న మాట, దాని బదులు 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 74, 79గా నంబర్లు మార్చుకుని అలాగే కూర్చుంది. 2013లో చేర్చిన ‘స్టాకింగ్’ మాత్రం వెంటపడటం, నెట్‌లో నిఘా పెట్టడం అని వాడు చేసిన పనే చెబుతుంది.

> నా పేచీ ‘అసభ్యం’తో. ఒకసారి నాకొచ్చిన మెసేజ్: ‘మీ ఇల్లు తెలుసండీ. సాయంత్రాలు ఒక్కరే ఉంటారుగా.’ ఫిర్యాదు రాసుకున్నాయన ‘అసభ్య పదజాలంతో దూషించి’ అని మొదలుపెట్టారు. ఇందులో అసభ్య పదం ఏది? ‘అండీ’ కూడా తగిలించాడు కదా! ‘బెదిరించాడు’ అని రాయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

> భలే పట్టారు మేడమ్. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు నెట్‌లో పంపే ‘అభ్యంతరకర’ సందేశాలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని కొట్టేసింది ఇలాంటి గాలి మాటల వల్లే. ‘చిరాకు’, ‘అసౌకర్యం’ అంటే ఎవరి చిరాకు? మంత్రిగారికి కార్టూన్ చూసినా చిరాకే. ‘అసభ్యం’ పట్టుకుని వల వేస్తే బూతు కవిత్వం రాసినవాడు పడతాడు, మర్యాదగా బెదిరించినవాడు జారిపోతాడు.

> ‘ఈవ్ టీజింగ్’ని మరిచారు. అలా అనకండి, వీధిలో లైంగిక వేధింపు అనండని 2023లో సుప్రీంకోర్టు చేతిపుస్తకమే చెప్పింది. మన పేపర్లకు ఇంకా ‘ఆకతాయిల అల్లరే’.

అన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ‘అత్యాచారం’ ఉంచేశాం. నాలుగో పేజీలో నేను రాసిన ‘ఆకతాయి’ కింద ఇప్పుడే ఎర్రగీత గీసింది.