నలభై దాటిన అందరికీ ఏటా గ్లకోమా పరీక్ష: అవసరమా, అతి జాగ్రత్తా?

పడమటిగాలి:
మా ఆఫీసులో నలభై దాటిన ఉద్యోగులందరికీ ఏటా గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసి చూపు పోగొట్టే జబ్బు) పరీక్ష తప్పనిసరి చేయాలని ప్రతిపాదన వచ్చింది. కాదన్నందుకు కళ్ళ విషయంలో పిసినారితనమా అని మాట పడ్డాను. నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. ఏ ముందస్తు పరీక్షలు చేయాలో సలహా ఇచ్చే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, ఇదే ప్రశ్నను 2013లోనూ, మళ్ళీ 2022లోనూ పరిశీలించింది. ఏ ఇబ్బందీ లేని పెద్దలందరికీ ఈ పరీక్ష చేస్తే మేలెంతో కీడెంతో తేల్చడానికి ఆధారాలు చాలవంది. వద్దనలేదు, చేయమనీ అనలేదు. నిపుణులే తేల్చని దాన్ని మనం తప్పనిసరి చేసి, బాగున్న మనిషికి జీవితాంతం చుక్కల మందు అంటగట్టడం న్యాయమా?

చుక్కలపద్దు:
ఆధారాలు చాలకపోవడం వేరు, మేలు లేకపోవడం వేరు. నా సంగతి వినండి. ఒకరోజు కుడి కంట్లో నలుసు పడితే చేత్తో మూసుకున్నాను. ఎదురుగా ఉన్న గోడ గడియారంలో పన్నెండు నుంచి మూడు వరకు అంకెలు లేవు. అక్కడ నలుపేమీ కనిపించలేదు, మసకా లేదు. గడియారం తయారుచేసినవాడు అంకెలు వేయడం మరిచిపోయినట్టు ఉంది, అంతే. అప్పటికే ఎడమ కంటి నరం చాలావరకు దెబ్బతింది. నొప్పి, ఎరుపు ఏమీ లేవు. ఒక కన్ను పోగొట్టుకున్న దాన్ని రెండో కన్ను పూడుస్తూ వచ్చింది కాబట్టి నాకు తెలియనే లేదు. నీటికాసులు అని పెద్దలు అన్నది దీన్నే. శుక్లాలైతే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. ఇందులో పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

తెరచాప:
ఇరవై ఏళ్ళుగా కంటి పరీక్షలు చేస్తున్నాను. మీరిద్దరూ ‘పరీక్ష’ అంటున్నది ఒకే వస్తువు కాదు. శిబిరాల్లో కంటిమీదకు గాలి ఊది చూసేది కంటి లోపలి ఒత్తిడి ఒక్కటే. పాదరసపు కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్లు మామూలంటారు. కానీ జపాన్‌లోని తజిమిలో జరిగిన సర్వేలో, సాధారణ రకం గ్లకోమా ఉన్నవారిలో 92 శాతం మందికి ఒత్తిడి 21 దాటలేదు! ఇక రెండో వైపు చూడండి. ఒత్తిడి ఎక్కువగా ఉండి, నరం బాగున్న 1636 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2002లో వెలువడింది. మందు వేయనివారిలో అయిదేళ్ళకు 9.5 శాతం మందికి, వేసినవారిలో 4.4 శాతం మందికి గ్లకోమా వచ్చింది. మందు పనిచేసింది, నిజమే. మందు లేకుండానే నూటికి తొంభై మందికి ఏమీ కాలేదన్నదీ నిజమే. పైగా కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మందంగా ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, పలచగా ఉంటే తక్కువ.

అందుకే నరాన్ని చూడాలి. దాని మొదట్లో చిన్న గుంట ఉంటుంది, మేము కప్పు అంటాం. గుంట పెరిగి అంచు పలచబడుతోందా అన్నది అసలు ప్రశ్న. అనుమానం ఉంటే స్కానింగ్, ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంతమేర ఉందో చూసే పరీక్ష). గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్య దీపాన్నే చూస్తూ, పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. మొదటిసారి దాదాపు అందరూ తడబడతారు (మా సిబ్బందితో సహా). ఒక్క ఫీల్డుతో ఎవరికీ రోగి అని పేరు పెట్టకూడదు.

పడమటిగాలి:
అయితే నా మాటే నెగ్గినట్టు కదా?

మినుకుతార:
సగమే. ఊహకు ఒక లెక్క. వెయ్యిమందిలో 20 మందికి జబ్బుందనుకోండి. పరీక్ష ప్రతి పదిమంది రోగుల్లో ఎనిమిదిమందిని పట్టుకుంటుంది, జబ్బులేని పదిమందిలో ఒకరిని పొరపాటున అనుమానిస్తుంది. అప్పుడు 16 మంది నిజంగా దొరుకుతారు, 98 మంది ఊరికే కంగారుపడతారు. అదే జబ్బు 100 మందికి ఉండే గుంపులో చేస్తే దొరికేది 80 మంది, కంగారుపడేది 90 మంది. పరీక్ష మారలేదు, కూర్చున్నవాళ్ళు మారారు.

తెరచాప:
నేను చెప్పాలనుకున్నది ఇదే. గ్లకోమా ఉన్నవారి తోడబుట్టినవాళ్ళు, పిల్లలు ముందు రావాలి. ఆ తర్వాత ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారు, స్టెరాయిడ్ మందులు చాలాకాలంగా వాడుతున్నవారు. ఇక జీవితాంతం చుక్కలే అన్న భయం పాతది. బ్రిటన్‌లో 2019లో వెలువడిన అధ్యయనంలో, మొదట లేజర్ చేయించుకున్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి మూడేళ్ళ వరకు చుక్కలు అవసరం కాలేదు. లేజర్ ప్రభావం క్రమంగా తగ్గవచ్చు, అప్పుడు మళ్ళీ చేయవచ్చు. కొన్ని రకాల గ్లకోమాకు మాత్రం అది పనికిరాదు.

మినుకుతార:
ఒక్క మాట. కన్ను హఠాత్తుగా విపరీతంగా నొప్పిపెట్టి, వాంతులై, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే ఈ చర్చ చదువుతూ కూర్చోకండి. అది వేరే రకం, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చుక్కలపద్దు:
ఇంటివాళ్ళ మాట వచ్చింది కాబట్టి, పడమటిగాలి గారూ, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?

పడమటిగాలి:
లేదనే అనుకుంటున్నాను. నాన్నగారి మంచం పక్కన ఒక చిన్న సీసా ఉండేది. రోజూ రాత్రి పడుకునేముందు ఒక్కో కంట్లో ఒక్క చుక్క, ఏళ్ళ తరబడి. శుక్లాల మందు అని అమ్మ చెప్పేది.

తెరచాప:
శుక్లాలను తగ్గించే చుక్కల మందు ఏదీ లేదండీ. ఆ సీసా పేరేమిటో అమ్మగారిని అడగండి.